స్వరజ్ఞానానికి లెక్క తోడు కావాలి

వజ్రాలకు సానపట్టడం, వస్త్రాలు నేయడం సూరత్ నగరానికి ప్రధాన జీవనాధారాలు. ఏటా శరన్నవరాత్రులలో ఈ రెంటితో పాటు మరో వృత్తి కూడా ఆ నగరంలో వెలుగులోకి వస్తుంది. అది సంగీతం. తాపీ నదికి ఆవలి ఒడ్డునున్న అడాజన్‌లోనూ ఆ తొమ్మిది రాత్రులు మైదానాలు గర్బా నృత్యాలతో నిండిపోతాయి. గాయకులు, కీబోర్డు వాద్యకారులు, ఢోలు కళాకారులు జనసమూహాన్ని తమ లయకు అనుగుణంగా ఆడిస్తారు. 2023 డిసెంబరులో యునెస్కో గర్బాను మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చడంతో దాని ప్రతిష్ఠ మరింత పెరిగింది. వేదిక కింద నిలిచి చూసే యువకునికి ఇంతకు మించిన వృత్తి లేదనిపించడం సహజమే. అయితే సంగీత వృత్తి గురించి మన సమాజంలో పాతుకుపోయిన అపోహలలో చాలా వాటికి ఆ వేదిక మీది వెలుగే మూలం.

ఈ విషయం తెలుగువారికి సంబంధం లేనిది కాదు. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి తరలివెళ్లిన కుటుంబాలు సూరత్‌లో తరాలుగా స్థిరపడ్డాయి. వారి నివాసాలు అధికంగా నదికి ఈవల, లింబాయత్, ఉధ్నా వంటి మిల్లు ప్రాంతాలలో ఉన్నాయి. వారి పిల్లలకు బతుకమ్మ పాట ఎంత పరిచయమో గర్బా దరువూ అంతే పరిచయం. అటువంటి ఇంట ఒక పిల్లవాడు సంగీతమే వృత్తిగా చేపడతానంటే పెద్దల నుంచి సాధారణంగా రెండే సమాధానాలు వస్తాయి. ‘పాట కూడు పెడుతుందా?’ అన్నది ఒకటి. ‘టీవీ పోటీలో గెలిస్తే మన కష్టాలన్నీ తీరిపోతాయి’ అన్నది రెండవది. ఒకటి నిరాశతోనూ, రెండవది దురాశతోనూ పుట్టినవే. సంగీతం కూడా కూలి, ఖర్చు, సీజను ఉన్న వృత్తి అన్న వాస్తవాన్ని రెండూ విస్మరిస్తున్నాయి.

వేదిక మీద కనిపించేదే కళాకారుని ఆదాయమన్నది మొదటి అపోహ. సంవత్సరానికి 365 రోజులు. నవరాత్రులు తొమ్మిదే. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 గంటల తర్వాత బహిరంగ ప్రదేశాలలో మైకులు వాడరాదు. పండుగల సందర్భంగా ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇచ్చే అధికారం మాత్రమే రాష్ట్ర ప్రభుత్వాలకు ఉంది. కనుక సంపాదించే గంటలు కూడా పరిమితమే. ఇక పెళ్లిళ్ల సీజను ముహూర్తాలను బట్టి సాగుతుంది. ధనుర్మాసం వస్తే అదీ ఆగిపోతుంది. 2020లో కరోనా కారణంగా గుజరాత్ ప్రభుత్వం నవరాత్రుల గర్బాకు అనుమతి ఇవ్వలేదు. ఏడాది పొడవునా ఆ తొమ్మిది రాత్రుల మీదే ఆశ పెట్టుకున్న కళాకారుల పరిస్థితి ఏమై ఉంటుందో ఊహించుకోవచ్చు.

మరమగ్గం కార్మికునికి ఈ లెక్కను వేరే చెప్పనక్కరలేదు. అతనికి నేసిన మీటర్లకే కూలి. మగ్గం ఆగిన గంటలకు లేదు. సంగీతకారుని స్థితీ అదే. రెండు గంటల కచేరీకి పారితోషికం ముడుతుంది గాని దాని వెనుక ఉన్న సాధనకు, రిహార్సళ్లకు, ప్రయాణానికి విడిగా ఎవరూ చెల్లించరు. వాద్యం కొనుగోలు, మరమ్మతు, రవాణా ఖర్చులు పోగా మిగిలినదే ఆదాయం. ఆ మిగిలినదాన్ని 12 నెలలకు పంచి చూసుకున్నప్పుడే వృత్తి అసలు స్వరూపం బోధపడుతుంది.

ప్రతిభ ఉంటే అవకాశం తనంత తానే నడిచి వస్తుందన్నది రెండవ అపోహ. ఘంటసాల వెంకటేశ్వరరావు జీవితమే దీనికి సమాధానం. 1922లో జన్మించిన ఆయన విజయనగరం చేరి, వారాలు చెప్పుకొని, మధుకరం ఎత్తుకొని సంగీతం అభ్యసించారు. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకు వెళ్లారు. మద్రాసు చేరిన తర్వాత కూడా బృందగానాలలో గొంతు కలుపుతూ, చిన్న చిన్న అవకాశాలతో నెట్టుకొచ్చారు. తెలుగునాట అందరికీ తెలిసిన ఆ గాత్రానికే అన్ని సంవత్సరాల నిరీక్షణ తప్పలేదు. ఒక పోటీలో గెలుపు గుర్తింపు తేగలదు. కాని మరుసటి నెల ఇంటి అద్దెకు అది హామీ కాదు.

పాఠాలు చెప్పుకోవడం ఓడిపోయినవారి పని అన్నది మూడవ అపోహ. ఇది అన్నింటికంటె అన్యాయమైనది. విజయనగరం సంగీత కళాశాల 1919లో ప్రారంభమైనప్పుడు ఆదిభట్ల నారాయణదాసు దాని తొలి అధ్యక్షులు. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు అదే సంవత్సరం అక్కడ ఆచార్యులుగా చేరి, 1936లో అధ్యక్షులయ్యారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ విజయవాడ సంగీత కళాశాలకు ప్రిన్సిపాలుగానూ, ఆకాశవాణిలోనూ పనిచేశారు. ఈ మహామహులకు బోధన, ఉద్యోగం వారి కళకు అడ్డు కాలేదు సరికదా ఆసరాగా నిలిచాయి. నేటికీ మెజారిటీ సంగీతకారుల బతుకు శిష్యులకు చెప్పే పాఠాలు, ఆలయ కార్యక్రమాలు, పెళ్లి కచేరీలు, రికార్డింగులు అన్నీ కలిస్తేనే సాగుతుంది. ఆకాశవాణి స్వరపరీక్షలో నెగ్గి శ్రేణి సంపాదించడం కూడా అటువంటి ఒక మెట్టే. నాలుగు వైపుల నుంచి వచ్చే చిన్న ఆదాయాలు ఒక పెద్ద ఆశకంటె నమ్మదగినవి.

పారితోషికం అడగడం కళకు కళంకమన్నది నాలుగవ అపోహ. త్యాగరాజస్వామి రాజాశ్రయాన్ని తిరస్కరించారన్న ఉదంతాన్ని ఇందుకు తరచు ఉదహరిస్తారు. అయితే ఆయన ఉంఛవృత్తితో జీవించారన్న సంగతిని మరచిపోతారు. అంటే గృహస్థులు ఇచ్చిన బియ్యమే ఆ ఇంటిని నడిపింది. కళాకారుని పోషణ భారం ఎవరో ఒకరు మోయక తప్పదన్నది ఆ ఉదంతంలోనే ఉంది. నేడు ఉంఛవృత్తి లేదు, రాజు లేడు. వారి స్థానంలో ఒప్పంద పత్రం ఉండాలి.

చట్టం ఈ విషయంలో చాలా దూరం నడిచి వచ్చింది. చలనచిత్రానికి పారితోషికం తీసుకొని చేసిన సంగీతం మీద, వేరే ఒప్పందం లేకపోతే, నిర్మాతకే తొలి హక్కు అని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. గాయకునికి కాపీరైటు లేని వైనాన్ని జస్టిస్ కృష్ణయ్యర్ అదే తీర్పులో ప్రత్యేకంగా ఎత్తిచూపారు. 1994 సవరణతో ప్రదర్శకులకు చట్టంలో హక్కులు ఏర్పడ్డాయి. 2012 సవరణ రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీలో వాటాను ఖాయం చేసింది. ఆ వాటాను వారసులకో, కాపీరైటు సంఘానికో తప్ప మరెవరికీ రాసి ఇవ్వడానికి వీలులేదు. జానపద, శాస్త్రీయ సంగీత ప్రదర్శనకు కళాకారుడు పొందే పారితోషికం రూ.1.5 లక్షలు మించకపోతే జీఎస్టీ మినహాయింపు కూడా ఉంది. ఇవేవీ తెలియకుండా చూపిన చోటల్లా సంతకం చేసే యువ కళాకారుడు తన పాట మీద తనకున్న హక్కును వినియోగించుకోలేడు. నోటిమాట మీద వాయించి, బాకీ కోసం నిర్వాహకుల చుట్టూ తిరగవలసి రావడమూ ఇందువల్లనే.

కనుక తల్లిదండ్రులు బిడ్డ కోరికను తుంచివేయనక్కరలేదు. అలాగని చదువు మాన్పించి పోటీల వెంట తిప్పనూ రాదు. గాయకుడు కాదలచినవాడు ఒక వాద్యం కూడా నేర్చుకోవాలి. స్వరం చూసి పాడగలగాలి. తోటి కళాకారునికి సహకార వాద్యం అందించగలగాలి. ఒక డిగ్రీ చేతిలో ఉంటే సంగీత బోధకునిగా నిలదొక్కుకునే వీలుంటుంది. ప్రతి కార్యక్రమానికీ తేదీ, సమయం, పారితోషికం, అడ్వాన్సు, రద్దయితే చెల్లించవలసిన మొత్తం రాసుకున్న కాగితం ఒకటి ఉండాలి. ఏడాది పాటు రాబడి, పోబడి పుస్తకంలో వేసి చూసుకున్న తర్వాతే ఉద్యోగం వదలాలా వద్దా అన్న నిర్ణయానికి రావాలి.

నిర్వాహకుల బాధ్యత కూడా తక్కువేమీ కాదు. మండపానికి, దీపాలకు, మైకులకు ముందుగానే డబ్బు చెల్లించేవారు పాడే గొంతుకు మాత్రం ‘తర్వాత చూద్దాం’ అనడం సమంజసం కాదు. సంగీత కళాశాలలు కూడా రాగతాళాలతో పాటు ఒప్పందాలు, హక్కులు, పన్నుల ప్రాథమిక జ్ఞానాన్ని పాఠ్యాంశంగా చేర్చవలసిన అవసరం ఎంతైనా ఉంది. అడాజన్ మైదానంలో పాడే యువకుడు పదవ రోజున ఏ పనికి వెళ్లాలో ముందే నిర్ణయించుకోగలిగిన నాడు సంగీతం నిజమైన వృత్తి అవుతుంది.