హబ్ పెట్టె మీద అంకెలు రాయించండి

వాషింగ్టన్‌లోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వారికి,



మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. కాలేజీకి వెళ్తున్న మా అమ్మాయి కొత్త ల్యాప్‌టాప్ కోసం మానిటర్, ఛార్జర్ లాంటివి ఒకే పోర్టుకు కలిపే యూఎస్‌బీ-సీ హబ్ కొన్నాం. పెట్టె మీద పెద్దక్షరాలతో ‘4కె’ అని ఉంది. మానిటర్‌కు కలిపితే మౌస్ బాణం ఆగి ఆగి కదిలింది. బొమ్మ సెకనుకు 60 సార్లు కాదు, 30 సార్లే మారుతోంది. ఆ అంకె పెట్టె మీద ఎక్కడా లేదు. 100 వాట్ల ఛార్జర్ పెట్టినా హబ్ తన వాటా ఉంచుకుని, ల్యాప్‌టాప్‌కు 85 వాట్లే వదులుతోంది. అదీ రాయలేదు.

బల్బు పెట్టె మీద వెలుగు ఎన్ని ల్యూమెన్లో ముందువైపే ఉండాలని 2012 నుంచి అమలు చేస్తున్నది మీరే. హబ్‌కూ అలాగే చేయండి: ల్యాప్‌టాప్‌కు నిజంగా చేరే వాట్లు, 4కెలో సెకనుకు ఎన్ని బొమ్మలు, ఒక్కో పోర్టు వేగం సెకనుకు 5 గిగాబిట్లా, 40 గిగాబిట్లా. ఆగస్టులో పిల్లలు మళ్లీ కాలేజీలకు బయల్దేరతారు. ఆలోగా మొదలుపెట్టండి.

ఇట్లు,
ఒక తండ్రి