ఊరి బడి గ్రౌండ్‌కి నాటు గరికే మేలు

బెర్ముడా గ్రాస్ అంటే వేరే ఏదో కాదండి, మనం చేలో పీకి పీకి అలసిపోయే గరికే. ఇప్పుడు స్కూల్ గ్రౌండ్‌లకి కూడా అందరూ టిఫ్‌వే 419 అడుగుతున్నారు. 1960లో అమెరికాలోని జార్జియాలో విడుదలైన హైబ్రిడ్ అది. ఆకు సన్నం, పరుపులా అల్లుకుంటుంది. కానీ విత్తనం కట్టదు, కాడలే నాటాలి. తరచూ కోయాలి, నత్రజని బాగా తింటుంది. స్టేడియానికి సరే. కోత మిషన్ లేని ఊరి బడికి ఎందుకు? చందాల డబ్బుతో వేసిన గడ్డి రెండేళ్లకే పాడైతే ఎవరికి నష్టం? నేను రెండూ అమ్ముతాను, అయినా చెప్తున్నా: అక్కడ నాటు గరికే వేయండి. పిల్లలు తొక్కినా మళ్ళీ లేస్తుంది, ఘనజీవామృతం చాలు. ఏ రకమైనా చెట్ల నీడలో మాత్రం వద్దు. కాడలు నాటే పద్ధతి వీడియోలో చూడండి.