పంజరం కింద నేల ఎవరిది?

మన దేశంలో తొలి సముద్రపు పంజరాన్ని 2007లో విశాఖపట్నం తీరంలో దించారు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ అందులో పండుగప్ప పెంచింది. ఇప్పుడు ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ఇలాంటి పంజరాలకు సబ్సిడీ ఇస్తున్నారు. టన్నులు, ఎగుమతులు, ఉపాధి గురించి చాలా మాట్లాడుతున్నారు. పంజరం కింద ఉన్న నేల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

తినగా మిగిలిన మేత, చేపల విసర్జన అడుగుకు దిగుతాయి. ప్రవాహం బలంగా ఉంటే చెదిరిపోతాయి, లేకపోతే పేరుకుంటాయి. ఆ మేటను కుళ్లబెట్టే బ్యాక్టీరియా మట్టిలోని ఆక్సిజన్‌ను వాడేస్తుంది. తర్వాత సల్ఫైడ్ పుట్టి మట్టి నల్లబడి కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. గుల్లలు, పీతలు పోతాయి. కాపిటెల్లా అనే సన్నని పురుగు మాత్రం లెక్కకు మించి పెరుగుతుంది. టాస్మానియాలోని మక్వారీ హార్బర్‌లో సాల్మన్ పెంపకం విస్తరించాక లోతు నీటిలో ఆక్సిజన్ పడిపోయింది. అక్కడ బతికే మాజియన్ స్కేట్ అనే అరుదైన చేప అంతరించే అంచుకు చేరింది.

అది దాదాపు మూసుకుపోయిన అఖాతం, మనది తెరిచిన సముద్రం అనవచ్చు. నిజమే, తేడా ఉంది. కానీ తుఫాన్లకు భయపడి మన దగ్గర కూడా పంజరాలను ఒడ్డుకు దగ్గరగా, అలల తాకిడి తక్కువ ఉన్న చోటే కడతారు. వ్యర్థం పేరుకునేదీ అలాంటి చోటే.

ఆ నేల మీదే జాలరి, వాడబలిజ, పల్లి కులాల వాళ్లు చిన్న పడవలతో వల వేస్తారు. వాళ్ల చేతిలో పట్టా లేదు, తరాల వాడుక ఒక్కటే ఉంది. పథకంలో ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం సబ్సిడీ, మిగతా అందరికీ 40 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఈ కులాలు బీసీ-ఏలో ఉన్నాయి. అంటే చేపలు పట్టి బతికే పురుషుడూ, పెట్టుబడి పెట్టగల అగ్రకుల వ్యాపారీ ఒకే 40 శాతం కింద నిలబడతారు. మిగతా 60 శాతం ఎవరి దగ్గర ఉంటుందో చెప్పక్కర్లేదు. మేత సంగతి మరొకటి. మన పంజరాల్లో తరచూ చవక చేపలనే మేతగా వేస్తారు. కిలో పండుగప్పకు అంతకు కొన్ని రెట్ల చేప కావాలి. మన వాడల్లో కూరకూ ఎండబెట్టుకోవడానికీ దొరికే చేప అదే.

రొయ్యల చెరువుల చరిత్ర మనకు తెలుసు. 1996లో ఎస్. జగన్నాథ్ కేసులో తీర నియంత్రణ పరిధిలోని చెరువులను తొలగించమని సుప్రీంకోర్టు ఆదేశించింది. 2005లో పార్లమెంటు చట్టం చేసి వాటికి దారి ఇచ్చింది. 2023 సవరణ సముద్రపు పంజరాలనూ ఆ చట్టం కిందికి తెచ్చింది, అదే చేత్తో జైలు శిక్షను తీసేసి జరిమానా పెట్టింది. జరిమానాను ఖర్చుల పద్దులో రాసుకోగలవాడికి ఇది పెద్ద భయం కాదు.

నార్వేలో పంజరాల కింది మట్టిని ఒక జాతీయ ప్రమాణం ప్రకారం పరీక్షిస్తారు. పంటకూ పంటకూ మధ్య ఆ చోటును ఖాళీగా వదిలేయాలి. అయినా అక్కడ సమస్యలు తీరలేదు, అది వేరే చర్చ. ఇక్కడ కనీసం లీజుకు ముందు అడుగు మట్టిని పరీక్షించాలి. ఏటా మళ్లీ పరీక్షించి, ఆ అంకెలను తెలుగులో మత్స్యకార గ్రామ పంచాయతీ గోడ మీద అంటించాలి. మట్టి నల్లబడితే పంజరం తీయించే అధికారం ఆ ఊరి మత్స్యకార సహకార సంఘానికి ఉండాలి.