దుబాయి, బొంబాయి, బొగ్గుబాయి: వలస పరిశోధన విడదీసిన మూడు మాటలు

ఉత్తర తెలంగాణలో ‘దుబాయి, బొంబాయి, బొగ్గుబాయి’ అనే నానుడి ఉంది. పాత కరీంనగర్ జిల్లా పల్లెల్లో పొలం ఆసరా తప్పిన మనిషికి మిగిలిన దారులు ఈ మూడేనని దాని తాత్పర్యం. పరదేశానికి పోవడాన్నీ, పరరాష్ట్రానికి పోవడాన్నీ, సొంత జిల్లాలోని గోదావరిఖని గనిలో దిగడాన్నీ ఈ మాట ఒకే వరుసలో నిలిపింది. తెలుగు సాహిత్య పరిశోధన ఆ వరుసను ముక్కలు చేసింది. దుబాయి ‘గల్ఫ్ వలస సాహిత్యం’ కిందికి పోయింది. బొంబాయి ‘పాలమూరు, కరీంనగర్ వలస’ల కిందికి పోయింది. బొగ్గుబాయి ‘కార్మిక సాహిత్యం’లో చేరింది. ఓపెన్‌కాస్టు గనుల కింద ఊరు కోల్పోయినవారికి ‘నిర్వాసిత సాహిత్యం’ అనే మరో అర ఏర్పడింది. ‘కాందిశీకుడు’ అనే మాటకు వీటిలో దేనిలోనూ చోటు దొరకలేదు. సౌకర్యం కోసం చేసుకున్న ఈ విభజన నేడు సిద్ధాంతంగా చెలామణి అవుతోంది. అది నిలిచేది కాదు.

ఈ విభజనకు మూలం సాహిత్యంలో లేదు, న్యాయశాస్త్రంలో ఉంది. 1951 నాటి జెనీవా ఒడంబడిక జాతి, మతం, జాతీయత, సామాజిక వర్గం, రాజకీయాభిప్రాయం కారణంగా పీడన భయంతో స్వదేశం దాటినవారినే శరణార్థులుగా నిర్వచించింది. భూమి పోయినవారికీ, బతుకుదెరువు పోయినవారికీ అందులో స్థానం లేదు. 2018లో ఐక్యరాజ్యసమితి వలసదారులకు ఒక ఒప్పందాన్ని, శరణార్థులకు వేరొక ఒప్పందాన్ని రూపొందించి ఆ గీతను మరింత స్థిరపరచింది. ‘వలస స్వచ్ఛందం, శరణు నిర్బంధం’ అనే సూత్రం తెలుగు సిద్ధాంత గ్రంథాల పీఠికల్లోకి విమర్శ లేకుండా ప్రవేశించింది.

అంతర్జాతీయ పరిశోధన ఆ సూత్రాన్ని చాలాకాలంగా ప్రశ్నిస్తోంది. రోజర్ జెటర్ 1991లోనే ‘శరణార్థి’ అనేది పాలనావసరం తయారుచేసిన ముద్ర అని చూపారు. అలెగ్జాండర్ బెట్స్ 2013లో ‘మనుగడ కోసం వలస’ అనే భావనను వివరించి, ఒడంబడిక పరిధిలోకి రాకున్నా స్వదేశంలో బతకలేక వెళ్లినవారి పరిస్థితిని చర్చించారు. హెవెన్ క్రాలీ, దిమిత్రిస్ స్క్లెపారిస్ 2018లో ఐరోపా సంక్షోభాన్ని పరిశీలించి, ఒకే మనిషి ప్రయాణమార్గంలో ఈ రెండు వర్గాల మధ్య మారుతూ ఉంటాడని వాదించారు. రెబెకా హామ్లిన్ 2021లో ఈ ద్వంద్వాన్ని ఒక కల్పనగా విమర్శించారు. పాశ్చాత్య సిద్ధాంతాలను అందిపుచ్చుకోవడంలో వెనుకబడని తెలుగు విమర్శ, తనకు అత్యవసరమైన ఈ చర్చను మాత్రం పట్టించుకోలేదు.

గోదావరిఖని చరిత్ర ఈ చర్చకు బలమైన నిదర్శనం. రామగుండం ప్రాంతంలో గనులు విస్తరించిన 1960ల నుండి చుట్టుపక్కల పల్లెల జనం అక్కడికి చేరారు. దీనిని ఉపాధి వలసగా వర్ణించడం పరిపాటి. కానీ 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. దొరల కక్షకూ, పోలీసు నిర్బంధానికీ వెరచి ఊరు విడిచినవారిలో గని పనికి చేరినవారు ఉన్నారు. రాజకీయాభిప్రాయం వల్ల కలిగిన భయం ఒడంబడిక చెప్పిన కారణాల్లో ఒకటి. వారు దేశపు ఎల్లను దాటలేదు కాబట్టి శరణార్థులు కాలేదు. గనిలో కూలి దొరికింది కాబట్టి ఆర్థిక వలసదారులుగా లెక్కకు వచ్చారు. భయం లెక్కలోకి రాలేదు.

తరువాతి తరం కథ ఇంకా జటిలం. 1990ల ఆరంభంలో లక్షకు పైగా ఉన్న సింగరేణి ఉద్యోగుల సంఖ్య నేడు దాదాపు 40 వేలకు తగ్గింది. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్టులు పెరిగాయి, పర్మినెంటు కొలువుల స్థానంలో కాంట్రాక్టు పనులు వచ్చాయి. రామగుండం ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. ఓపెన్‌కాస్టుకు ఊరినిచ్చిన కుటుంబంలో తండ్రి నిర్వాసితుడు, పెద్దకొడుకు కాంట్రాక్టు కార్మికుడు, చిన్నకొడుకు గల్ఫ్ కార్మికుడు కావడం ఇక్కడ ఊహకు అందనిదేమీ కాదు. ఆ ఇంటిని మూడు సిద్ధాంత గ్రంథాలు పంచుకుంటే, మూడింటికీ మూలమైన నేల పోవడం ఏ గ్రంథంలోనూ పూర్తిగా కనిపించదు. పెద్ద ప్రాజెక్టుల వల్ల జరిగే తరలింపును కూడా అంతర్గత నిర్వాసనంగా 1998 నాటి ఐక్యరాజ్యసమితి మార్గదర్శక సూత్రాలు గుర్తించాయి. అంటే నిర్బంధం ప్రయాణానికి ముందే, ఇంటి ముందరే మొదలైంది.

గల్ఫ్‌లో ఆ ప్రయాణం మరో మలుపు తీసుకుంటుంది. కఫాలా పద్ధతిలో యజమానిని విడిచిన కార్మికుడు పత్రాలు లేనివాడవుతాడు. అతనికి గల్ఫ్ తెలుగు ‘కల్లివెల్లి’ అని పేరు పెట్టింది. ‘పోనీ, వదిలెయ్’ అనే అరబ్బీ వాడుకమాట ఒక మనిషి స్థితికి పేరయింది. వలసదారుడికీ శరణార్థికీ నడుమ చట్టం ఖాళీగా వదిలిన చోటును శ్రామికుల భాష నింపింది. ఈ పదం భాషాశాస్త్ర పరిశోధనకు ఎంత అవసరమో, వలస సిద్ధాంతానికీ అంతే అవసరం.

ముద్రలు మారడం తెలుగువారికి కొత్త కాదు. బర్మాలో ‘కోరంగీ’లుగా పిలువబడిన తెలుగు కూలీలు 1941 వరకు వలసదారులు. 1942లో జపాన్ సేనలు రంగూన్‌ను ఆక్రమించడంతో వారే కాందిశీకులయ్యారు. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినపుడు అక్కడి భారతీయ కార్మికులు జోర్డాన్ శిబిరాలకు చేరారు. దాదాపు 1,70,000 మందిని విమానాల్లో స్వదేశానికి తరలించవలసి వచ్చింది. మనిషి మారలేదు, అతని పేరు మారింది.

ఇక్కడ ఒక ఆక్షేపణకు బలం ఉంది. అందరినీ కాందిశీకులంటే, నిజమైన శరణార్థికి దక్కే కొద్దిపాటి రక్షణ కూడా పలచబడుతుంది. భారతదేశం 1951 ఒడంబడికపై సంతకం చేయలేదు. హైదరాబాదు బాలాపూర్‌లో తలదాచుకున్న రోహింగ్యాలు చట్టం దృష్టిలో విదేశీయులు మాత్రమే. వారి గోడును గల్ఫ్ కార్మికుని కష్టంతో కలిపివేయడం అన్యాయమే. అయితే ఇక్కడి వాదం ముద్రను అందరికీ పంచమనడం కాదు. ఎవరు శరణార్థి అని తేల్చడం న్యాయాధికారి పని. మనిషిని కదిలించిన నిర్బంధం ఎంత, అతనికి మిగిలిన ఎంపిక ఎంత అని చూడడం సాహిత్య పరిశోధకుని పని. రెండవ పనిని విడిచి మొదటిదాన్ని నెత్తికెత్తుకోవడమే తప్పు.

‘కాందిశీక’ శబ్దానికి ‘ఏ దిక్కుకు పోదును’ అనే ప్రశ్న నుండి వ్యుత్పత్తి చెప్పారు. ‘శరణార్థి’ ఆశ్రయమిచ్చేవాని వైపు నుండి చూసిన మాట, ‘కాందిశీకుడు’ పారిపోయేవాని వైపు నుండి చూసిన మాట. రెండవ చూపును విడిచి పరిశోధన మొదటిదానికే కట్టుబడింది. ఇకనైనా సింగరేణి ప్రాంతంపై జరిగే పరిశోధన ఒక కుటుంబాన్ని మూడు తరాల పాటు, ఊరి నుండి గనికి, గని నుండి గల్ఫ్‌కు అనుసరించాలి. కథల్ని వస్తువును బట్టి అరలుగా పేర్చడం మాని, వాటిలో నిర్బంధపు తీరును పోల్చాలి. ‘బొగ్గుబాయి’, ‘కల్లివెల్లి’ వంటి మాటలను మాండలిక పట్టికల్లో వదిలివేయక, విశ్లేషణకు పరికరాలుగా స్వీకరించాలి. అందుకు కావలసిన చట్రం కోసం దూరం వెళ్లనవసరం లేదు. మూడు దారులను ఒక్క ఊపిరిలో చెప్పిన నానుడి కరీంనగర్ పల్లెల్లో ఉండనే ఉంది.