కార్లకు సెలవిచ్చే ఊరు

భాష రాని ఊళ్లో ఒంటరిగా దిగినవాళ్లకు ఆదివారమంత పొడుగాటి రోజు మరోటి ఉండదు. ఆఫీసులు తెరవరు. దుకాణాలు సగం మూసే ఉంటాయి. ఊళ్లోవాళ్లంతా ఇంటిల్లిపాదీ భోజనాలకు కూర్చుంటే, బయటినుంచి వచ్చిన మనిషి హోటల్ గదిలో టీవీ ముందు మిగిలిపోతాడు. దక్షిణ అమెరికాలోని కొలంబియా రాజధాని బొగోటాలో మాత్రం ఆ బెంగ అక్కర్లేదు.

పొద్దున ఏడింటికి బయటికొస్తే రోడ్డు మీద కార్లు లేవు! సైకిళ్లు, స్కేటింగ్ చేసే పిల్లలు, కుక్కల్ని పట్టుకుని నడిచే పెద్దవాళ్లు, తోపుడు బండ్లలో పసిపాపలు... దాన్ని అక్కడ ‘సిక్లోవియా’ అంటారు. ప్రతి ఆదివారం, పండగ సెలవుల్లోనూ, ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా 120 కిలోమీటర్లకు పైగా రోడ్లను జనానికి వదిలేస్తారు. 1974 డిసెంబరులో సైకిళ్లంటే ఇష్టపడే కొందరు కార్ల జోరుకు నిరసనగా కొన్ని గంటలపాటు రోడ్డెక్కడంతో మొదలైందిది. తర్వాత నగర పాలకులే దాన్ని సొంతం చేసుకున్నారు.

సముద్రమట్టానికి 2,600 మీటర్ల ఎత్తున, ఆండీస్ కొండల మీద ఉందీ నగరం. భూమధ్యరేఖకు దగ్గరే అయినా ఏడాది పొడవునా మన ఊటీలాంటి చలి. కాస్త గబగబా నడిస్తే ఆయాసం వస్తుంది. దారి తప్పుతామన్న భయం మాత్రం లేదు. కొండలెప్పుడూ తూర్పునే ఉంటాయి. వాటి వెంబడి సాగే వీధులు ‘కరేరా’లు, కొండలవైపు ఎక్కే వీధులు ‘కాయె’లు. అన్నిటికీ నంబర్లే.

అలాగని ఏమరుపాటు పనికిరాదు. 1980ల చివర్లో బాంబుల మోతతో వణికిన నగరమిది. జేబుదొంగల బెడద ఇప్పటికీ ఉంది. ‘బొప్పాయి ఇవ్వకు’ అని వాళ్లకో సామెత. దొంగ చేతికి పండు అందించినట్టు అవకాశం ఇవ్వొద్దని అర్థం. ఫోను జేబులో పెట్టుకుని నడిచాను.

ఏడో నంబరు కరేరా మీదుగా పాత ఊరికెళ్తే బంగారు మ్యూజియం వస్తుంది. ఆదివారం టికెట్ లేదు కాబట్టి పిల్లాపాపలతో కుటుంబాలన్నీ అక్కడే. అందరూ గుమిగూడేది జానెడు కూడా లేని ఓ బంగారు తెప్ప దగ్గర. 1969లో ఓ గుహలో దొరికింది. ముయిస్కా తెగ నాయకుడు ఒంటినిండా బంగారు పొడి పూసుకుని, సరస్సు మధ్యకెళ్లి కానుకలు వదిలే వేడుకకు అది గుర్తు అంటారు. ‘ఎల్ డొరాడో’ కథ పుట్టింది ఆ వేడుకలోంచే. ఆ బంగారం కోసం యూరప్ వాళ్లు ఎన్ని అడవులు గాలించారో!

బయట చిన్న హోటల్లో వేడివేడిగా ‘అగ్వాపనేలా’ ఇచ్చారు. తాగగానే నాలుకకు తెలిసిపోయింది... బెల్లం నీళ్లు! పనేలా అంటే మన బెల్లమే. ప్రపంచంలో బెల్లం ఎక్కువగా తయారుచేసేది మనం, మన తర్వాత కొలంబియా వాళ్లే. శ్రీరామనవమి పానకంలో మిరియాలు వేస్తాం, వాళ్లు నిమ్మకాయ పిండుతారు. పక్కనే ఓ జున్నుముక్క. వడ్డించినావిడ నన్ను ‘సుమెర్సే’ అని పిలిచింది. ‘తమరు’ అన్నట్టు, ఆప్యాయంగా.

రెండు కాగానే బారికేడ్లు తీసేశారు. నిమిషాల్లో కార్లు, బస్సులు, హారన్లు. అప్పటిదాకా సైకిలు తొక్కిన పిల్లలు ఫుట్‌పాత్‌ ఎక్కేశారు.

ఈ ఏర్పాటును చూసే 2013లో గురుగ్రామ్‌లో ‘రాహ్‌గిరి’ మొదలైంది. 2021లో హైదరాబాద్‌లోనూ ట్యాంక్‌బండ్‌ను ఆదివారం సాయంత్రాలు జనానికి వదిలితే కుటుంబాలు వెల్లువెత్తాయి. కొత్తగా రోడ్లు వేయక్కర్లేదు, పార్కులు కట్టక్కర్లేదు. ఉన్న రోడ్డునే వారానికి ఏడు గంటలు పిల్లలకూ ముసలివాళ్లకూ అప్పగిస్తే చాలు. అలాంటి రోడ్డు మీద ముక్కూమొహం తెలియని మనిషికీ చోటుంటుంది. సిక్లోవియాలో నడిచినంతసేపూ, నేను ఒంటరినన్న సంగతే గుర్తుకు రాలేదు.