గీత కాగితంపై.. ఇల్లు ఇసుకపై

* తీరంలో కట్టడాలకు కొలత ఉంది.. క్షేత్రంలో గుర్తు లేదు
* ఖాళీ ఉంచమంటున్న నిబంధన.. పచ్చదనంపై మౌనం

బాపట్ల: కార్తీక మాసం వచ్చిందంటే సూర్యలంక, వాడరేవు తీరాలు జనంతో కిటకిటలాడతాయి. సముద్ర స్నానం, ఆపై సరుగుడు తోపుల నీడన వనభోజనం ఈ ప్రాంతంలో ఏళ్లుగా వస్తున్న ఆనవాయితీ. ఇప్పుడు వాడరేవు, రామాపురం వైపు ఆ తోపుల సరసనే రిసార్టులు, విడిది గృహాలు వెలిశాయి. కత్తిపూడి నుంచి ఒంగోలు వరకు సాగే 216 జాతీయ రహదారితో రాకపోకలు సులువై తీర భూములపై ఆసక్తి పెరిగింది. అలకు ఎంత దూరంలో ఇల్లు కట్టుకోవచ్చు? ఇంటికీ అలకూ మధ్య ఏమి మిగలాలి? సెంట్ల లెక్కన స్థలం కొనే సామాన్యుడు ముందుగా అడగవలసిన ప్రశ్నలివి. వీటికి చట్టంలో సమాధానం ఉంది. అది తీరం దాకా చేరడంలోనే చిక్కంతా ఉంది.

మారుతూ వచ్చిన కొలత

పర్యావరణ పరిరక్షణ చట్టం-1986 కింద కేంద్ర ప్రభుత్వం 1991 ఫిబ్రవరి 19న తొలిసారిగా తీర నియంత్రణ మండలి (సీఆర్‌జడ్) ప్రకటన వెలువరించింది. సముద్రపు పోటు గరిష్ఠంగా చేరే రేఖ నుంచి 500 మీటర్ల వరకు భూమిని దీని పరిధిలోకి తెచ్చింది. గ్రామీణ తీరంలో తొలి 200 మీటర్లను నిర్మాణ నిషిద్ధ ప్రాంతంగా నిర్దేశించింది. 2011 జనవరి 6 నాటి ప్రకటన ఈ దూరాన్ని కొనసాగిస్తూనే, మత్స్యకారులు తదితర సంప్రదాయ తీరవాసులు 100 నుంచి 200 మీటర్ల మధ్య ఇళ్లు కట్టుకునేందుకు వీలు కల్పించింది.

2019 జనవరి 18 నాటి ప్రకటనతో లెక్క మారింది. 2011 జనగణన ప్రకారం చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి జనసాంద్రత ఉన్న గ్రామీణ ప్రాంతాల్లో నిషిద్ధ దూరం 50 మీటర్లకు తగ్గింది. మిగిలిన చోట్ల 200 మీటర్లే కొనసాగుతుంది. అయితే కొత్త ప్రకటనను అనుసరించి తీర నిర్వహణ పటం సిద్ధమై ఆమోదం పొందిన తరువాతే ఈ వెసులుబాటు వర్తిస్తుంది. జనం కిక్కిరిసిన గ్రామాలకు అభివృద్ధి అవకాశం కల్పించాలన్నది ప్రభుత్వ వాదన. తుపాను దృష్టితో చూస్తే మాత్రం ఎక్కువ మంది నివసించే చోటే సముద్రానికి ఎడం తగ్గినట్లయింది.

భారం పంచాయతీపై

2019 ప్రకటనలో అంతగా చర్చకు రాని అంశం మరొకటి ఉంది. 300 చదరపు మీటర్ల లోపు సొంత నివాసానికి రాష్ట్ర తీర నిర్వహణ సంస్థ సిఫార్సు అక్కరలేదు. స్థానిక సంస్థే నిబంధనలను పరిశీలించి అనుమతి ఇవ్వవచ్చు. చిన్న ఇంటి కోసం పేదవాడు రాజధాని చుట్టూ తిరిగే అవస్థ దీనితో తప్పింది. కానీ పోటు రేఖ ఎక్కడ ఉందో తేల్చవలసిన బాధ్యత ఆచరణలో పంచాయతీ కార్యదర్శి బల్ల మీదికి వచ్చి చేరింది.

తీర నిర్వహణ పటాలను సాధారణంగా 1:25,000 స్కేలులో రూపొందిస్తారు. అందులో ఒక మిల్లీమీటరు నేలపై 25 మీటర్లకు సమానం. అంటే 200 మీటర్ల నిషిద్ధ ప్రాంతం పటంపై ఎనిమిది మిల్లీమీటర్లు, 50 మీటర్లయితే కేవలం రెండు మిల్లీమీటర్లు. పెన్సిల్ గీత మందమే సగం సెంటు స్థలాన్ని మింగేయగలదు. సర్వే నంబర్లతో కూడిన గ్రామ పటాలపై, 1:3,960 స్కేలులో ఈ రేఖను చూపాలని 2011 ప్రకటనే సూచించింది. రైతుకు, కొనుగోలుదారుకు అర్థమయ్యేది ఆ పటమే. అది పంచాయతీ గోడపై కనిపించనంత కాలం దళారి చూపిన చోటే హద్దు.

పచ్చదనానికి లెక్క లేదు

1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టింది. అధికారిక లెక్కల ప్రకారమే మృతులు దాదాపు పదివేల మంది. ఆ విషాదం తరువాతే కోస్తా పొడవునా తుపాను షెల్టర్ల నిర్మాణం, సరుగుడు రక్షణ వనాల పెంపకం ఊపందుకున్నాయి. అటవీ భూమిలోని వనాల సంగతి వేరు. పట్టా భూమిలో సరుగుడు రైతుకు పంట. నాలుగైదేళ్లకు నరికి కర్రను కాగితం మిల్లులకు, సెంట్రింగ్ పనులకు అమ్ముకుంటాడు. తిరిగి నాటితే తీరానికి తెర మిగులుతుంది. నరికిన చేనును ప్లాట్లుగా విభజిస్తే ఆ తెర శాశ్వతంగా తొలగిపోతుంది.

నియంత్రణ ప్రకటనలోని లోటు ఇక్కడే కనిపిస్తుంది. నిషిద్ధ ప్రాంతంలో వ్యవసాయం, తోటలు, అడవుల పెంపకాన్ని అది అనుమతిస్తుంది తప్ప, చెట్లు ఉండి తీరాలని పట్టాదారును ఆదేశించదు. ఇసుక దిబ్బలను చదును చేయడం నిషేధం. ఆ దిబ్బలను పట్టి ఉంచే మొగలి పొదలు, నేలతీగలు ప్రొక్లెయిన్‌కు కలుపు మొక్కలే. నిజాంపట్నం వైపున్న మడ అడవులకు కొంత మెరుగైన రక్షణ ఉంది. వెయ్యి చదరపు మీటర్లకు మించిన మడకు చుట్టూ 50 మీటర్ల పట్టీ విడిచిపెట్టాలి. ప్రైవేటు భూమిలోని మడకు ఈ పట్టీ అవసరం లేదని 2019 ప్రకటన మినహాయింపు ఇవ్వడం గమనార్హం.

చెట్టా.. దూరమా?

2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత తమిళనాడులోని కడలూరు తీరాన్ని శాస్త్రవేత్తలు పరిశీలించారు. మడ, సరుగుడు ఉన్న చోట నష్టం తక్కువగా ఉందని 2005లో వెల్లడించారు. గ్రామాలను కాపాడినవి చెట్లు కావని, సముద్రం నుంచి దూరం, నేల ఎత్తేనని మరికొందరు విభేదించారు. వాదన ఎటు తేలినా తీరవాసికి దక్కే పాఠం ఒక్కటే. ఇంటికి ఎడం కావాలి, ఆ ఎడంలో ఎత్తయిన దిబ్బ, దానిపై పచ్చదనం నిలవాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. ఇటువంటి గాలులు ఈ తీరానికి కొత్త కావు, చివరివీ కావు.

మరడు నేర్పిన పాఠం

నిబంధన పాటించకుంటే ఏమవుతుందో కేరళ చూపింది. కొచ్చి సమీపంలోని మరడులో బ్యాక్‌వాటర్స్ ఒడ్డున బహుళ అంతస్తుల భవనాలకు అనుమతులు ఇచ్చింది అప్పటి పంచాయతీయే. తీర నిబంధనల ఉల్లంఘన రుజువు కావడంతో సుప్రీంకోర్టు 2019 మే 8న కూల్చివేతకు ఆదేశించింది. 2020 జనవరి 11, 12 తేదీల్లో నాలుగు సముదాయాలు నేలమట్టమయ్యాయి. ఒక్కో ఫ్లాటు యజమానికి మధ్యంతర పరిహారం రూ.25 లక్షలు ఇప్పించినా, కోల్పోయిన గూటికి అది సాటి రాలేదు. అనుమతి పత్రం ఉండడం వేరు, ఆ అనుమతి చెల్లుబాటు కావడం వేరు. రిజిస్ట్రేషన్ పూర్తయినంత మాత్రాన కట్టుకునే హక్కు సంక్రమించదు.

రాళ్లు పాతాలి.. మొక్కలు నాటాలి

పడవ, వల కళ్లెదుట ఉండాలి కనుక మత్స్యకారుడికి తీరాన ఇల్లు బతుకు అవసరం. ఇతరులకు అది విడిది. ఇళ్లను 100-200 మీటర్ల మధ్య సంప్రదాయ తీరవాసులకే అనుమతించడం ద్వారా నిబంధన ఈ తేడాను గుర్తించింది. ఆ ఇళ్లు పేరుకు ఒకరివి, అనుభవానికి మరొకరివి కాకుండా చూడవలసింది కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా స్థాయి కమిటీ. అందులో తీరవాసుల ప్రతినిధులు కనీసం ముగ్గురు ఉండాలన్నది నియమం.

చేయవలసిన పనులకు కోట్లు అక్కరలేదు. పోటు రేఖను, నిషిద్ధ హద్దును క్షేత్రంలో రాళ్లు పాతి గుర్తించాలి. దాని పరిధిలోకి వచ్చే సర్వే నంబర్ల జాబితాను పంచాయతీలోనూ, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలోనూ ప్రదర్శించాలి. నిషిద్ధ ప్రాంతంలో నరికిన తోటను తిరిగి నాటే రైతుకు ఉపాధి హామీ కింద చేయూతనిస్తే ప్లాట్ల వైపు మొగ్గు తగ్గుతుంది. రాళ్లు లేని చోట హద్దును చివరకు సముద్రమే నిర్ణయిస్తుంది. 1977లో అది నిర్ణయించిన తీరు దివిసీమ ఇంకా మరిచిపోలేదు.