మాకు పట్టింది జిన్ను కాదు

రంజాన్ చాంద్ కనపడ్డ రాత్రి మా గల్లీల్లో కొందరు మగవాళ్లు సీసా పారేస్తారు. పదకొండు నెలలు తాగినవాళ్లు. సెహరీకి లేస్తారు, రోజా పడతారు, తరావీలో అందరి పక్కన నిలబడతారు. అమ్మీ కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. రెండో రోజు అతని చేతులు వణుకుతాయి. మూడో రాత్రి గోడ మీద పురుగులు పాకుతున్నాయంటాడు, లేని మనిషితో మాట్లాడతాడు, దుప్పటి పీక్కుంటాడు, ఫిట్స్ వచ్చి పడిపోతాడు. ఇంకేముంది, జిన్ను పట్టిందంటారు. ఆమిల్ వస్తాడు. ఊదు పొగ, తాయెత్తు, నూరుకుని తాగే కాగితం, అయిదు వేలు. పాక్ మహీనాలో సైతాన్లకు బేడీలు పడతాయని చెప్పేదీ ఈ పెద్దలే. మరి ఈ ఒక్కడు ఎట్లా తప్పించుకొచ్చాడో ఎవరూ అడగరు.

అది జిన్ను కాదు. ఏళ్ల తరబడి సారాకు అలవాటు పడ్డ మెదడు, సారా ఒక్కసారిగా ఆగిపోతే చేసే తిరుగుబాటు. డాక్టర్లు డెలీరియం ట్రెమెన్స్ అంటారు. మానిన రెండు మూడు రోజులకు వస్తుంది. ఆస్పత్రి పడక, బి1 విటమిన్, వణుకు దించే మందులు, పక్కన కనిపెట్టుకునే మనిషి ఉంటే చాలామంది బతుకుతారు. అవేవీ లేకుంటే ప్రాణం పోవచ్చు. తౌబా చేసుకున్నందుకు చచ్చిపోయిన మనిషి! అతని జనాజాలో కూడా 'గుండె ఆగింది' అనే చెప్పుకుంటాం. ఎందుకంటే ముసల్మాన్లు తాగరు కదా!

ఈ అబద్ధమే మమ్మల్ని చంపుతోంది. తాగడం హరామ్. నిజమే, మేమెవరం కాదనడానికి? కానీ హరామ్ అన్నంత మాత్రాన రోగం కాకుండా పోతుందా? ఆ హరామ్ కూడా ఒక్క రాత్రిలో దిగలేదు. ముందు లాభం కన్నా నష్టం ఎక్కువన్నారు, తర్వాత మత్తులో నమాజుకు రావద్దన్నారు, ఆ తర్వాతే పూర్తిగా వద్దన్నారు. మెట్టుమెట్టుగా దించిన ఖురాన్ చేతిలో పెట్టుకుని మా పెద్దలు మనిషిని మాత్రం మిద్దె మీంచి తోసేస్తారు.

ఇందులోనూ ఎవరి జాతకం వాళ్లదే. పెద్దింటి సయ్యద్‌గారి అబ్బాయికి వస్తే 'టెన్షన్', బంజారాహిల్స్‌లో డాక్టరు. ఆటో తోలేవాడికి, పంక్చర్లు వేసేవాడికి, దూదేకుల పిల్లగాడికి వస్తే జిన్ను. జిన్నులకు కూడా ఖాన్‌దాన్ చూసుకునే బుద్ధి ఉన్నట్టుంది.

కల్లు సంగతీ చెప్పాలి. తెలంగాణ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్‌ప్రజొలామ్ కలుస్తాయని అందరికీ తెలుసు. 2015లో దాడులు జరిగి ఆ కల్లు ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆస్పత్రులు పిచ్చెత్తినట్టు ప్రవర్తించే కూలోళ్లతో నిండిపోయాయి. అందులో హిందువులున్నారు, మేమూ ఉన్నాం. 2020 లాక్‌డౌన్‌లో వైన్ షాపులు మూసినప్పుడు ఎర్రగడ్డలో అదే వరస. కాకపోతే ఆ ఏప్రిల్‌లో మాకు ఇంకో బరువు ఉండింది. నిజాముద్దీన్ మర్కజ్ పేరు చెప్పి టీవీ చానళ్లు రోజంతా 'కరోనా జిహాద్' అని అరుస్తుంటే, వణికే మనిషిని గడ్డంతో, టోపీతో ఏ ఆస్పత్రికి తీసుకుపోవాలి? రోగం కన్నా ముందు పేరు చెప్పాల్సి వచ్చిన రోజులవి.

లౌకికవాద మిత్రులు ఇక్కడిదాకా చదివి తల ఊపుతూ ఉంటారు. 'మీ మూఢనమ్మకాలే మీకు శత్రువులు' అనడానికి నోరు తెరిచే ఉంటారు. కాస్త ఆగండి. దర్గాను మేం మీకు అప్పగించం. కొడుకు పోయిన తల్లి డబ్బు లేకుండా, చీటీ రాయించుకోకుండా, నీ కులమేంది అని అడిగించుకోకుండా కూర్చుని ఏడవగలిగే చోటు ఈ దేశంలో ఇంకెక్కడుంది? గురువారం రాత్రి అక్కడ కూర్చునేవాళ్లలో సగం మంది మీ ఇళ్ల ఆడవాళ్లే. మా గొడవ దర్గాతో కాదు, గొలుసుతో. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో, దర్గా చుట్టూ వెలిసిన ప్రైవేటు షెడ్లలో ఒకదానికి మంటలంటుకుంటే, కాళ్లకు గొలుసులతో ఉన్న 28 మంది పారిపోలేక కాలిపోయారు. అల్లా పేరు మీద వ్యాపారం చేసినవాడు, మందు దొరకని పల్లె, ఇంట్లో పెట్టుకోలేమని వదిలేసి పోయిన చుట్టాలు, అందరిదీ ఆ గొలుసు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఏ రూపంలోనూ మనిషిని గొలుసుతో కట్టరాదంది. ఇవాళ గొలుసు దర్గా దగ్గరే ఉండనక్కర్లేదు, 'డీ అడిక్షన్ సెంటర్' బోర్డు వెనకాల కూడా ఉంటుంది. రిజిస్ట్రేషన్ లేని గదుల్లో తాళం వేసి కొట్టి మాన్పిస్తామనేవాళ్లూ ఆమిల్ తమ్ముళ్లే.

సరే, తాయెత్తు తెంపేసి డాక్టరు దగ్గరికే పోయాం. అక్కడేం జరిగింది?

మాలో ఒకామె పోయింది. భర్త తాగి కొడతాడు, ఆమెకు నిద్ర లేదు, చచ్చిపోవాలనిపిస్తుంది. జమాత్ పెద్దలు 'సబర్ కరో బీబీ' అన్నారు. ఆర్ఎంపీ 'నరాల బలహీనత' అని రెండేళ్లు నిద్రమాత్రలిచ్చాడు, ఇప్పుడు ఆ మాత్రలు లేకుండా ఉండలేదు. చివరికి బురఖా సర్దుకుని కౌన్సిలర్ ముందు కూర్చుంది. మొదటి ప్రశ్న: 'మీ ఆయనకు ఇంకా ఎంతమంది భార్యలమ్మా?' ఒక్కతే, నేనేనంది. 'మీవాళ్లలో ఇవన్నీ మామూలే కదా' అందావిడ. మామూలే అయితే ఆమె ఎందుకొచ్చినట్టు? ఆ గదిలో ఆమె దెబ్బల గురించి మాట్లాడలేదు. అరగంట మజహబ్‌ను సమర్థించుకుని లేచొచ్చింది. మళ్లీ పోలేదు. ఇంట్లో మొగుడి చేతిలో, బయట మీ కుతూహలం చేతిలో.

ఇంకొకాయన 'దిల్ ఘబ్‌రారా సాబ్' అన్నాడు. డాక్టరుకు దిల్ ఒక్కటే అర్థమైంది. ఈసీజీ తీయించాడు, ఎకో తీయించాడు, గుండె బ్రహ్మాండంగా ఉంది పొమ్మన్నాడు. మా దక్కనీలో దిగులూ భయమూ దిల్‌లోనే ఉంటాయి. మరొకడు రోజాల్లో పగటి మాత్ర మానేశాడు. డాక్టరు అడగలేదు, ఇతను చెప్పలేదు. లిథియం మింగేవాడు నీళ్లు లేకుండా పగలంతా ఉంటే ఆ మందే విషమవుతుందని అతనికి ఎవరు చెప్పాలి? రోగికి రోజా నుంచి మాఫీ ఉందని ఖురానే చెప్పింది. ఇమామ్‌సాబ్ ఒక్క జుమ్మాలో ఆ మాట అంటే చాలు. ఆయన ఆ అయిదు నిమిషాలు ఆడవాళ్ల దుపట్టాల మీద ఖర్చు పెడతాడు.

2007లో మక్కా మసీదు పేలుడు తర్వాత మా పిల్లల్ని ఎత్తుకుపోయారు. కొట్టారు. కోర్టుల్లో నిర్దోషులని తేలాక కొందరికి సర్కారు పరిహారమూ ప్రకటించింది. డబ్బు లెక్క తేల్చారు సరే, అర్ధరాత్రి జీపు చప్పుడుకు లేచి కూర్చునే ఆ పిల్లల నిద్ర లెక్క ఎవరు తేల్చారు? ఏ మనసు డాక్టరును పంపారు? వాళ్లలో ఎవడైనా సీసా పట్టుకుంటే వెంటనే 'చూశారా, తుర్కోళ్లు' అనడానికి మాత్రం అందరూ సిద్ధం.

దేశం మొత్తం మీద మద్యం వ్యసనం ఉన్నవాళ్లలో 86 శాతం మందికి వైద్యమే అందడం లేదని 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే తేల్చింది. అందరికీ కరువైన చోట మాకు ఎంత మిగులుతుందో చెప్పనక్కర్లేదు. అయినా పోవాల్సిందే. సర్కారు బోధనాసుపత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంటుంది, అది పిచ్చాసుపత్రి కాదు. మందు రాసేది సైకియాట్రిస్టు. కూర్చోబెట్టి మాట్లాడించేది క్లినికల్ సైకాలజిస్టు, అతనికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. అడిగితే కోపం తెచ్చుకునేవాడు మీకు అక్కర్లేదు. నెల కోర్సు సర్టిఫికెట్ తగిలించుకుని కాపురాలు చక్కబెడతామనేవాళ్లతో జాగ్రత్త. మీరు చెప్పింది మొగుడికి గానీ మామకు గానీ చేరకూడదని చట్టం ఉంది. మతాన్ని బట్టి వైద్యంలో తేడా చూపకూడదనీ అదే చట్టంలో ఉంది. ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్లు పైసా తీసుకోరు, ఇంటిపేరు అడగరు. చాలాచోట్ల చర్చి గదిలో కూర్చుంటారు. మావాళ్లు కొందరు ఆ మెట్లు ఎక్కడానికి సంకోచించారు. తన దేవుణ్ణి తను తలచుకోమంటారంతే. బార్ మెట్లెక్కినప్పుడు లేని సంకోచం ఇక్కడెందుకో!

ముస్లిం డాక్టరే కావాలని మేం అనడం లేదు. గల్లీ కబుర్లు తెలిసిన మనవాడి కన్నా తెలియని పరాయివాడే నయమని మా ఆడవాళ్లు చాలామంది అంటారు, వాళ్ల భయం వాళ్లకు తెలుసు. మా ఇల్లు తెలుసుకోమంటున్నాం. ఇంట్లో ఏ భాష మాట్లాడుకుంటారు, రోజాల్లో మందు ఎప్పుడు వేసుకుంటారు అని అడగమంటున్నాం. తలాక్ గురించి మీకున్న సందేహాలు వేరే ఎక్కడైనా తీర్చుకోండి. మా రోగానికి మా మతాన్ని పేరుగా పెట్టకండి.

వచ్చే షాబాన్ లోపల మా మసీదు గోడ మీద సెహరీ, ఇఫ్తార్ టైములు వేసే చోట, పక్కనే ఒక అంకె రాయిస్తున్నాం: 14416. టెలి మానస్, 2022 నుంచి పగలూ రాత్రీ ఎత్తే ఉచిత ఫోను. కింద ఇంకో వాక్యం కూడా ఉంటుంది: 'రోజూ తాగేవాళ్లు చాంద్ రాత్ దాకా ఆగకండి, ముందే డాక్టరుకు చూపించుకుని మానండి.' కమిటీ సదర్‌సాబ్ ఇప్పటికే మొహం ముడుచుకున్నాడు, మసీదు గోడ మీద తాగుడు మాటేంటని. ఆయన తమ్ముడు పోయిన రంజాన్ మూడో రోజు పోయాడు. సున్నం వేసి చెరిపిస్తానన్నాడు. చెరిపించనీ, బ్రష్షు మా దగ్గరే ఉంది.